గిర్ని సప్పుడుకు నిద్రపోయిన పిల్ల

పన్నెండేండ్ల సంది ఒక మాట నా గొంతుల కూసున్నది. అన్నం తింటుంటే ఉంటది, దీపం ముట్టిస్తుంటే ఉంటది, ఎవలన్న నన్ను మెచ్చుకుంటే ఇంకింత ఉబ్బుతది. గింతకాలం దాన్ని ఎవలకూ చెప్పలే. అన్నకు చెప్పలే, వదినెకు చెప్పలే. దేవునికి చెప్పిన అనుకున్న. గానీ దేవుని ముంగట గూడ మాటలు మార్చి, నన్ను నేను కాపాడుకుంటనే చెప్పిన. అది చెప్పుడు అయితదా?

ఇయ్యాల చెప్త. ముందుగాల మీకు చెప్త. మీరెవలో నాకు తెల్వది, నేనెవలో మీకు తెల్వది. గందుకే నోరు తెరుచుకుంటున్నది. ఇంకో మూడు గంటలల్ల ఒక ఆటో వచ్చి మా ఇంటి ముంగట ఆగుతది. దాంట్లకెళ్లి దిగేటోళ్లకు గూడ చెప్పాలె. అక్షరాలు వంకరవోతున్నయి. భయమా అంటే భయమే. గానీ భయం కంటే సంబురం ఎక్కువున్నది. తప్పు ఒప్పుకునే పొద్దు గింత సంబురమేంది అని నన్ను నేనే అడుక్కుంటున్న.

సంబురానికి కారణమైతే ఉన్నది. నిన్న పొద్దూకంగ సిరిసిల్ల నుంచి హారిక ఫోన్ చేసింది. ఆ పిల్ల ఫోన్ల మాట్లాడదు, అరుస్తది. "బీడీలత్తా! నాకు సీటొచ్చింది! జగిత్యాలల నర్సింగు! రేపొస్తున్నం. నీ కాళ్లు మొక్కినంకనే కాలేజీల కాలు పెడ్త." వెనుకకెళ్లి ఎవలో ఏందో అంటున్నరు. "ఆఁ, చెప్తున్ననే ముసల్దానా, ఆగు జర! అత్తా, నాయినమ్మ గూడ వస్తదట. వద్దంటే ఇంటలేదు." ఫోన్ పెట్టేసినంక వదినెను పిలిచి చెప్పిన. వదినె ఉరికిపోయి గారెలకు పప్పు నానవోసింది. నేను కూసున్నకాడనే కూసొని నవ్విన. అంతల యాదికొచ్చింది. ఆ ముసలామె వస్తున్నది. నా గడప తొక్కుతది. నాకు దండం పెడ్తది. ఇంక ఓర్సుడు నాతోని కాదు.

మొదటికెళ్లి చెప్త.

మాది కోరుట్ల. నాకు మూడేండ్లప్పుడు జెరమొచ్చి రెండు కాళ్లు సన్నవడ్డయి. గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్త, అంతకుమించి చాతగాదు. బడికి ఎత్తుకపోయి ఎత్తుకొచ్చేటోళ్లు లేక మా నాయిన ఇంట్లనే చదువు చెప్పిండు. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, గా తడి వేలుతోనే బండ మీద అక్షరం రాసేటోడు. అది ఆరిపోయేలోపల నేను చూసి పలకాలె. గట్ల నేర్చుకున్న చదువు నాది. ఇప్పటికీ పొద్దుగాల మొదటి బీడీ ఆకు చేతుల పట్టుకునేటప్పుడు దాన్ని కండ్లకద్దుకొని నాయినకు, గా బండకు, దేవునికి ఒక్కసారే దండం పెట్టుకుంట. నాకు ఇచ్చినోళ్లు మస్తుమంది. నన్ను ఎత్తుకున్నోళ్లు మస్తుమంది. నాయిన ఎత్తుకున్నడు, అన్న ఎత్తుకున్నడు, వదినె పెండ్లయి వచ్చిన వారానికే నన్ను ఎత్తి ఎండల కూసోబెట్టింది. ఈ ముచ్చట యాదిల ఉంచుకోండ్రి. తర్వాత పని పడ్తది.

పదేండ్ల వయసుల బీడీలు చేసుడు నేర్చిన. మా అరుగు మీద చాటలు ఒడిల పెట్టుకొని గల్లీల ఆడోళ్లంత కూసుంటరు. ఒకామె మెట్‌పల్లి బిడ్డ, ఒకామె బీర్పూర్ నుంచి కోడలై వచ్చింది, ఇంకొకామె గోదారి అవతల నిర్మల్ దిక్కు. చేతులు బీడీల మీద ఉంటయి, నోళ్లు తల్లిగారి ఊర్ల మీద ఉంటయి. యాడికీ పోని నాకు ఊర్లన్ని గా మాటలల్లనే కనవడ్డయి. ఎవలు మాటను యాడ సాగదీస్తరు, ఎవలు యాడ తుంచుతరు, చెవుకు ఎక్కిపోయింది. తెల్వని మనిషి రెండు ముచ్చట్లు చెప్తే ఎటుదిక్కో చెప్పేదాన్ని. మా ఆడోళ్లకు అదొక ఆట.

గా ఆట సంగతి ఒక మేడంకు తెలిసింది. తప్పిపోయిన పిల్లలను, బస్టాండులల్ల దొరికిన పిల్లలను ఇండ్లకు చేర్చే పని ఆమెది. జగిత్యాల నుంచి స్కూటీ మీద తిరిగేది. చిన్న పిల్లలను పట్టుకొని "మీదేవూరు, మీ నాయిన పేరేంది" అని అడిగితే చెప్పరు, ఏడుస్తరు. మేడం గసొంటి పిల్లలను నా కాడికి తెచ్చేది. నేనేం అడుగ. పక్కన కూసోబెట్టుకుంట, నా పని నేను చేసుకుంట, ఇంట. ఆకలైతే ఏమంటరు, పడితే ఎవలను పిలుస్తరు, కోపమొస్తే ఏం తిట్టు తిడ్తరు. తిట్టుల ఊరు తొందరగ దొరుకుతది. ఒక పిల్లగాడు మా వదినెను తిట్టిన తిట్టు పట్టుకొని వాళ్ల మండలం చెప్పిన. మూడో దినం వాళ్ల తల్లి వచ్చి మా అరుగు మీద పడి ఏడ్చింది. వదినె ఇప్పటికీ అంటది, "నేను తిట్లు తింటే పేరు నీకొచ్చింది" అని.

గట్ల కొందరు పిల్లలకు తొవ్వ దొరికింది. నా బతుకుకు గింత పని ఇచ్చినందుకు నేను దేవునికి ఎంత మొక్కిననో. ఇది అబద్ధం కాదు.

హారిక గట్లనే వచ్చింది. ఎండలు ముదురుతున్న దినాలు. కోరుట్ల బస్టాండుల బెంచి కింద దొరికింది. ఐదేండ్లుంటయేమో. కొత్త గుండు, గుండు మీద ఎండిపోయిన గంధం. ఏ బస్సు దిగిందో చూసినోళ్లు లేరు. వేములవాడల తీసిన గుండా, కొండగట్టు మీదనా, ధర్మపురిలనా, గుండు చూసి ఎవలు చెప్తరు? నోరు ఇప్పలే. పేరు గూడ చెప్పలే. పిల్లలను ఉంచే హాస్టల్ల అప్పుడే ఇద్దరు ముగ్గురికి అమ్మవారు పోసి ఉండె. గందుకే మేడం కాయితాల మీద మా అన్నతోని సంతకం పెట్టించుకొని పిల్లను మా ఇంట్ల ఉంచింది. "నాలుగు దినాలే అక్కా. నీ చెవుల పడితే ఊరు అదే దొరుకుతది," అన్నది.

పేరు తెల్వక గుండక్క అని పిలిచిన. అట్ల పిలిస్తే మూతి ముడిచేది. అదొక్కటే ఆమె మాట.

మా ఇంటికి పక్కనే పిండి గిర్ని. గోడకు గోడ. గిర్ని నడిస్తే మా ఇంట్ల గిన్నెలు వణుకుతయి. కొత్తగ వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటరు. గిర్ని ఆయన పెండ్లికి పోయి మూడు దినాలు బంద్ ఉండె. గా మూడు దినాలు పిల్ల సరిగ పండుకోలే. ఊకె లేస్తది, గోడల దిక్కు చూస్తది. నాలుగో దినం పగటీలి ఆయన వచ్చి గిర్ని చాలు చేసిండు. పిల్ల అన్నం తింటున్నదల్లా ఆగింది. కండ్లు పెద్దగ చేసింది. గోడకు వీపు ఆనించింది. గట్లనే జారి నిద్రపోయింది. గంత సప్పుడుల! మూతికి మెతుకు అంటుకొని ఉండంగ.

నాకు ఒక ముచ్చట యాదికొచ్చింది. ఎన్నడో మా గల్లీకి సిరిసిల్ల నుంచి ఒకామె కోడలై వచ్చింది. కొత్తల నిద్ర పట్టక ఏడ్చేది. "మా కాడ ఇంటింటికి సాంచలు," అనేది. బట్ట నేసే మరమగ్గాలను వాళ్లు సాంచలంటరు. "గా సప్పుడుల పుట్టినం, గా సప్పుడుల పండుకున్నం. కరెంటు పోయి సాంచలు ఆగితే గల్లీ మొత్తం వాకిట్లకొస్తది. మీ ఊరు మాకు ఊరే కాదు, ఊకె కరెంటు పోయినట్టుంటది."

గదే పొద్దు సాయంత్రం నా బీడీ దారం తెగింది. బీడీలు చేసేటోళ్లం మేము ముడి వెయ్యం. తెగిన ముక్క పారేసి కొత్త కొస తీస్తం. నేను కొస వెతుకుతుంటే గుండక్క రెండు కొసలు నా చేతులకెళ్లి గుంజుకొని, ఒకదాని మీద ఒకటి వేసి, వేలు ఇట్ల తిప్పి, పన్నుతోని పుటుక్కున కొరికి నా చేతుల పెట్టింది. ముడి యాడుందో వెతకవలసి వచ్చింది. గది బీడీలోళ్ల చెయ్యి కాదు. నేతోళ్ల చెయ్యి. గంతల కరెంటు పోయింది, గిర్ని ఆగింది. పిల్ల చెంగున లేచి వాకిట్లకు ఉరికింది. గల్లీ ఇటు చూసింది, అటు చూసింది. ఎవలూ బయటికి రాలే. ముఖం సిన్నవోయి లోపలికొచ్చింది.

ఇంకేం కావాలె? సిరిసిల్ల. నాలుగో దినానికే తెలిసింది నాకు. మాట వినకుండనే ఊరు చెప్పిన నేను! సంబురంతోని ఫోన్ అందుకున్న. మేడం నంబరు సగం ఒత్తిన.

ఆపిన.

ఎందుకాపిన? పన్నెండేండ్ల సంది ఇదే ప్రశ్న. మొదటి జవాబు, అప్పుడు నాకు నేను చెప్పుకున్నది: పిల్ల చూపుడువేలు మీద సన్నటి గీతలున్నయి, దారం కోసిన గీతలు. ఐదేండ్ల పిల్లకు నేతోళ్ల ముడి వస్తున్నదంటే పసిదాన్ని పనికి కూసోబెట్టి చేయిస్తున్నరన్నట్టే, గసొంటి ఇంటికి మళ్ల తోలుడు పాపం అనుకున్న. మంచి కారణం. ధర్మం లెక్క కనవడేటి కారణం. రెండో జవాబు: వేములవాడ రాజన్నకో కొండగట్టు ఆంజనేయునికో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్ల, గంత మంది జనంల తప్పి, ఇన్ని ఊర్లుండంగ నా అరుగు మీదికే వచ్చిందంటే ఆయనే పంపిండు అనుకున్న. దీపం పెట్టి గింత బెల్లం ముక్క పెట్టి మొక్కిన. "నీ దయ సామీ," అన్న. చూడుండ్రి, నా అలవాటు ఎంత గట్టిదో. ఒకరి పిల్లను దాసుకొని, దానికి గూడ దేవునికి దండం పెట్టిన.

మూడో జవాబు ఇన్నేండ్లు నోటికి రాలే. గా పొద్దు గిర్ని నడుస్తుంటే గోడ పక్క పండుకున్న పిల్లను మెల్లగ గుంజి నా ఒడిల పండబెట్టుకున్న. బరువు. మెడ మీద చెమట. నా సన్నటి తొడల మీద ఒక మనిషి బరువు. నన్ను ఎత్తుకున్నోళ్లే గానీ నేను ఎత్తుకున్న మనిషి లేదు. నలభై ఏండ్లు దాటినంక మొదటిసారి ఒకరికి నేను ఆసరైన. కాళ్లు తిమ్మిరెక్కినయి. మంచిగనిపించింది. ఇంక కొన్ని దినాలు అనుకున్న. ఇంతే. దీనికి ధర్మం పేరు లేదు.

ఏడో దినం మేడం వచ్చింది. స్కూటీ దిగి, నెత్తిమీది చున్నీ తీసి ముఖం తుడుసుకొని, అరుగు మీద కూసున్నది. నీళ్లు తాగింది.

"ఏమన్న అందిందా అక్కా?"

"పెద్దగ మాట్లాడుతలేదు మేడం."

"ఒక్క మాట గూడనా?"

గుండక్క నా వెనుక కూసొని నా జడతోని ఆడుతున్నది. ఆ చేతులు నాకు తెలుస్తనే ఉన్నయి.

"ఒకటి రెండు అన్నది. నిర్మల్ దిక్కు మాట లెక్క కొట్టింది."

"నిర్మలా? పక్కానా?"

"పక్కా అని ఎట్ల చెప్త? గానీ అటే."

మేడం నవ్వింది. "నువ్వు అటే అన్నవంటే నాకు పక్కానే అక్కా. నీ చెవు తప్పదు. అరేయ్ గుండూ, మీ అమ్మను పట్టుకొస్త, ఆగు!"

ఆమె గా ఎండల ఫొటో పట్టుకొని గోదారి దాటి నిర్మల్ దిక్కు ఊరూరు తిరిగింది. వారం వారం వచ్చి చెప్పేది. ముఖం నల్లవడ్డది. నేను మజ్జిగ కలిపిచ్చేదాన్ని. ఇంట్లోళ్లు పోలీసులకు ఇచ్చిన ఫొటోల పిల్లకు నడుము దాక జడ, మేడం చేతిల ఫొటోల బోడి గుండు. పక్కపక్కన పెట్టినా ఒక్క పిల్లే అని ఎవలూ గుర్తుపట్టరు. తొవ్వ చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. నేను తప్పు తొవ్వ చెప్పిన.

గా దినాలు ఎట్ల గడిచినయో చెప్తే మీకు నా మీద కోపమొస్తది. పండుగ లెక్క గడిచినయి. పిల్ల నాతోని మాట్లాడుడు మొదలుపెట్టింది. బీడీలత్తా అని పేరు పెట్టింది. నేను గోడ పట్టుకొని నడుస్తుంటే ముందట ముందట నడిచి, గోడకు ఆనిన కుర్చీలు, చెంబులు పక్కకు జరిపేది, పెద్ద పోలీసు లెక్క. గుండు మీద వెంట్రుకలు మొలుస్తుంటే నా చెయ్యి తీసి రుద్దించుకునేది. గిర్ని చాలు కాంగనే ఎక్కడున్నా వచ్చి నా ఒడిల పడేది. "నాకు పోటీ వచ్చింది ఈ గుండు," అని వదినె ముద్దు చేసేది. నేను లోపల దినాలు లెక్కపెట్టుకుంటుంటి. ఇయ్యాల గూడ ఉన్నది. ఇయ్యాల గూడ. ఇల్లేది అని నేను ఒక్కనాడు అడుగలే. అడిగితే చెప్తది. గదే భయం.

ఇరవై రెండో దినం గిర్ని మోటరు కాలిపోయింది. మెకానిక్ మెట్‌పల్లి నుంచి రావాలె, రెండు దినాలు పడ్తదన్నరు. ఇల్లంత సప్పుడు లేక బోసిపోయింది. పగటీలి పిల్ల వచ్చి ఒడిల పండుకున్నది, లేచింది. గోడకు చెవు పెట్టింది. చేతులతోని గోడను తడిమింది, ఇటు కొస నుంచి అటు కొస దాక, సప్పుడు యాడికి పోయిందో వెతుకుతున్నట్టు. తెల్లారి గూడ గంతే. నిద్ర లేక కండ్లు ఎర్రగైనయి. మధ్యాహ్నం గోడకు నెత్తి ఆనించి, మెల్లగ, నాకు గాదు, గోడకు చెప్తున్నట్టు, "నాయినమ్మా," అన్నది. "నాయినమ్మా, సాంచ పెట్టమను."

నేను దాసింది ఒక ఊరి పేరు అనుకున్న అప్పటిదాక. దాని వెనుక ఒక మనిషి ఉన్నది. చాట పక్కకు నూకిన. మేడంకు ఫోన్ చేసిన. "సిరిసిల్ల మేడం. సిరిసిల్ల. ఇప్పుడే అందింది." ఇప్పుడే అన్న. చివరి మాట గూడ అబద్ధమే చెప్పిన.

మేడం ఫోన్ల కేక పెట్టింది. సాయంత్రానికే సిరిసిల్లల జడ ఉన్న ఫొటో పట్టుకొని ఏడుస్తున్న ఒక ఇల్లు దొరికింది. తెల్లారి బేస్తారం నాడు జీపు కట్టుకొని వచ్చింది. నువ్వు గూడ రావాలె అక్కా, ఇది నీ పుణ్యం అన్నది. అన్న నన్ను ఎత్తి జీపుల కూసోబెట్టిండు.

గా దినం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటది. వేములవాడ దాటినం. సిరిసిల్ల గల్లీలకు జీపు తిరిగింది, సప్పుడు మొదలైంది. టకటక టకటక, ఇంటింటికెళ్లి, నేల వణుకుతున్నట్టు. గుండక్క నా ఒడిల లేచి నిలవడ్డది. ముఖం వెలిగిపోయింది. జీపు ఆగక ముందే దుంకింది! మేడం "అరే అరే" అనుకుంట వెనుక ఉరికింది. నేను జీపులకెళ్లి చూస్తున్న. పిల్ల గుండు మెరుసుకుంట గల్లీ నడుమ ఉరుకుతున్నది. ఒకామె చూసింది, రెండు చేతులు నెత్తిన పెట్టుకొని ఏందో అరిచింది, సప్పుడుల ఏమీ ఇనవడలే. ఆమె లోపలికి ఉరికింది. ఆ ఇంట్ల సాంచ ఆగింది. పక్కింట్ల ఆగింది. ఎదురింట్ల ఆగింది. ఒకదాని వెనుక ఒకటి, గల్లీ కొస దాక. కరెంటు ఉన్నది, గానీ సాంచలన్ని ఆగినయి. గల్లీ మొత్తం వాకిట్లకొచ్చింది. పిల్లకు ఇప్పుడు ఇటు చూసినా మనుషులే, అటు చూసినా మనుషులే. తల్లి వచ్చి మీద పడ్డది. తండ్రి గోడకు ఒరిగి పిల్లగాని లెక్క ఏడ్చిండు. నేను ఏడ్చుకుంటనే నవ్విన. గంత సంతోషం నేను ఎన్నడూ సూడలే. అది నిజం. గది నా కండ్లతోని చూసిన అనే సంబురం ఇప్పటికీ పోలేదు. పోతే బాగుండు అని గూడ అనుకుంట ఒక్కోసారి.

అప్పుడు లోపల మంచం మీదికెళ్లి ఒక మూలుగు ఇనవడ్డది.

నన్ను ఎత్తుకపోయి గా మంచం పక్కనే కూసోబెట్టిన్రు. ముసలామె. మూతి ఒక పక్కకు వంకరవోయింది. కుడి చెయ్యి మంచం మీద పడి ఉన్నది, ఎవలదో చెయ్యి అక్కడ పెట్టి మర్చిపోయినట్టు. పక్కనున్న ముసలామె బిడ్డ చెప్పింది: వేములవాడల గుండు తీయించి, పిల్లను పక్కన నిలవెట్టి ప్రసాదం తీసుకునేలోపల తప్పిపోయింది. "మా అమ్మనే పోగొట్టింది," అన్నడట ముసలామె కొడుకు. గంతే, పిల్ల దొరికేదాక ఇంటికి రానని ముసలామె గుడికాడనే కూసున్నది. గా ఎండల, వచ్చిపోయే ప్రతి గుండు పిల్ల ముఖం చూసుకుంట. పోయిన బేస్తారం మెట్ల మీద పడిపోయింది. పచ్చవాతం.

నేను లెక్కవేసిన. కూసున్నకాడనే. గా బేస్తారం నాటికి నాకు ఊరు తెలిసి పదమూడు దినాలు.

మేడం చెప్తున్నది, "ఈ అక్కనే పట్టింది అమ్మా. ఈ అక్క లేకపోతే మీ పిల్ల దొరికేది కాదు." ముసలామె ఎడమ చేతితోని నా చెయ్యి పట్టుకొని కండ్లకద్దుకున్నది. మాట ముద్దముద్దగ వచ్చింది, గానీ నా చెవు పట్టింది. అన్నింటిని పట్టే చెవు కదా. "బిడ్డా, ఇంట్ల నూలు కండెలు చుట్టేటప్పుడు దారం కొస ఒకటి దాని వేలికి కట్టి, ఇంకో కొస నా చేతికి కట్టుకునేదాన్ని. యాడికి ఉరకొద్దని. గుడికి పోంగ కట్టలే. తప్పు నాదే బిడ్డా."

వేలు మీది గీతలు.

నేను దయలేనోళ్ల గుర్తు అనుకున్నది, పిల్ల తప్పిపోవద్దని ఒక ముసలామె కట్టిన దారం.

అప్పుడు చెప్పొచ్చు. రెండే మాటలు. నాలుగో దినమే తెలుసు నాకు, నేను దాసిన. సాంచలన్ని ఆగి ఉన్నయి, గల్లీ మొత్తం ఊపిరి బిగబట్టి ఉన్నది. మెల్లగ అన్నా అందరికీ ఇనవడేది. ముసలామె తప్పు నాదే అంటున్నది, కొడుకు ఇంటున్నడు, తప్పు నీది గాదు అని చెప్పగలిగిన ఒక్క మనిషిని పక్కనే కూసున్న. నోరు తెరువలే. ఆమె మొక్కుతుంటే మొక్కించుకున్న. పిల్లను దాసింది మొదటి తప్పు; ఇది రెండోది. ఏది పెద్దది? నాకైతే ఇదే. మొదటిదాంట్ల పిల్ల మీద పాణముండె. దీంట్ల నా పేరు మీద తప్ప దేని మీదా లేదు.

గా తర్వాత వచ్చిన ఏ పిల్ల సంగతీ నేను పొద్దు దాటనియ్యలే. తెలిసిన నిమిషంల ఫోన్ చేసిన. మంచితనం అంటరు జనం. భయం అంట నేను. మేడం బదిలీ మీద పోయింది. పోయేటప్పుడు గూడ నా చెవు గురించే చెప్పి పోయింది. ఆమెకు గూడ నేను బాకీనే. నిర్మల్ ఎండలు నావే.

ఏటా బతుకమ్మకు సిరిసిల్ల నుంచి చీర వస్తది. వాళ్ల సాంచ మీద నేసిందే. నాయినమ్మ తన చేతితోని మడత పెడ్తదట, ఎడమ చేతితోని. గందుకే మడతలు కొంచెం వంకరుంటయి. ఒక్కటీ కట్టలే నేను. పెట్టెల పెట్టిన. "దాసి దాసి కాటికి కట్టుకపోతవా?" అంటది వదినె. నవ్వి ఊరుకుంట. దసరా పొద్దు గా పెట్టె తెరిచి వంకర మడతల మీద చెయ్యి పెట్టి కూసుంట, మళ్ల మూస్త. నాకు ఇచ్చిన ప్రతిదానికి దండం పెట్టుకునే దాన్ని, గీ చీరలకు మాత్రం దండం పెట్టలేకపోయిన.

ఒక ముచ్చట హారిక పోయినేడు నవ్వుకుంటనే చెప్పింది. ఇంట్ల చిన్నపిల్లలను ఎవలన్న బయటికి తీసుకపోతుంటే వాళ్ల నాయిన ఇప్పటికీ అంటడట, "అమ్మ చేతికి మాత్రం ఇయ్యకుర్రి." ముసలామె ఇని తల ఊపుతదట. నిజమే అన్నట్టు. పన్నెండేండ్లు. నేను మోసింది బరువు అనుకుంటున్న గానీ, నా వంతు గూడ ఆమెనే మోస్తున్నది.

గందుకే ఇయ్యాల. ఏమంటరో తెల్వది. హారిక కాళ్లు మొక్కకుండ లేచిపోతదేమో. బీడీలత్తా అనే పిలుపు ఇదే చివరిసారేమో. ముసలామె చీర తిరిగి తీసుకపోతదేమో, తీసుకపోనియ్యి. ఏమీ అనకుండ ఊకుంటే గూడ నాకు అడిగే హక్కు లేదు. క్షమించుమని అడుగ. అడిగితే అది మళ్ల వాళ్ల మీద బరువు పెట్టుడే. తప్పు నాది, ముసలామెది కాదు. గింతే. ఇంటికి పోయి కొడుకుకు ఆమె చెప్పాలె. లేకపోతే ఫోన్ కలపమని, నేనే చెప్త.

మీకు చెప్పేసిన. చూడుండ్రి, గొంతుల ఉన్నదల్లా కాయితం మీదికి వచ్చింది. పన్నెండేండ్లకు మొదటిసారి నిండుగ ఊపిరి పీల్చిన. గందుకేనేమో గీ సంబురం.

వాకిట్ల ఆటో ఆగింది. హారిక గొంతు ముందుగాల వచ్చింది, మనిషి తర్వాత వస్తది. "మెల్లగ దిగే, మెల్లగ!" అంటున్నది. వదినె వంటింట్లకెళ్లి ఉరికింది. పక్కన గిర్ని ఆయన గిప్పుడే మోటరు చాలు చేసిండు, గిన్నెలు వణుకుతున్నయి. గా దినం సిరిసిల్లల అంత నిశ్శబ్దంల నోరు తెరువని దాన్ని. ఇప్పుడు గీ సప్పుడుల మెల్లగ చెప్తే ముసలామెకు ఇనవడదు.

గట్టిగ చెప్పాలె.